పాత ఫ్రేమా... కొత్త ఫ్రేమా?

పోయిన అక్టోబర్‌లో ఒక శనివారం పొద్దున, అమెరికాలో మా అపార్ట్‌మెంట్ గ్యారేజీలో నేల మీద కూర్చుని సైకిల్ ఫ్రేమ్‌కి దారం కడుతున్నాను. ఎదురుగా బట్టల సబ్బు డబ్బాకి ఆనించిన ఫోన్. వీడియో కాల్‌లో నరసరావుపేట నుంచి మా నాన్న. అక్కడ అప్పుడు రాత్రి ఏడున్నర. షాపు షట్టర్ సగం దించి, స్టూలు మీద కూర్చుని చూస్తున్నాడు.

"వదులుగా కట్టమాకు, లెక్క తప్పుద్ది. ఇంకాస్త లాగి కట్టు" అన్నాడు.

నాన్నది సైకిల్ షాపు. ముప్పై రెండేళ్ళుగా అదే పని. నా బీటెక్ ఫీజు కూడా పంక్చర్లు, ఓవరాయిలింగుల్లోంచి వచ్చిందే. ఆ రోజు నేను ఆయన్ని అడిగింది ఒక్కటే... ఈ సైకిల్ ఎందుకు ఎడమవైపుకి లాగుతోంది అని. అప్పటికి పద్నాలుగు నెలలుగా లాగుతూనే ఉంది. తప్పు నాదే అనుకుంటూ వచ్చాను.

మొదటి నుంచి చెప్తాను.

బీఎంఎక్స్ అనగానే మనకు గుర్తొచ్చేది మట్టి గుట్టల మీద ఎగిరే సైకిళ్ళు, ర్యాంపుల మీద గాల్లో పల్టీలు. ఫ్లాట్‌ల్యాండ్ అలా కాదు. గుట్ట లేదు, ర్యాంపు లేదు. నున్నటి చదును నేల, 20 అంగుళాల చక్రాలున్న చిన్న సైకిల్, అంతే. చక్రాల ఇరుసులకి రెండువైపులా పెగ్స్ అని చిన్న గొట్టాలు ఉంటాయి. వాటి మీద నిలబడి, ఒక్క చక్రం మీద సైకిల్‌ని నడిపిస్తూ, దాని చుట్టూ మనం, మన చుట్టూ అది తిరగాలి. చూసేవాళ్ళకి డాన్స్‌లా ఉంటుంది. చేసేవాళ్ళకి ముందు తెలిసేది మాత్రం మోకాలి చిప్ప ఎక్కడుందో!

2022లో ప్రాజెక్ట్ పని మీద పెన్సిల్వేనియాలోని మెకానిక్స్‌బర్గ్‌కి వచ్చాను. ఒకప్పుడు గుర్రబ్బండ్లు బాగుచేసే మెకానిక్‌లు ఇక్కడ స్థిరపడ్డారట, అందుకే ఆ పేరు. నాన్నకి చెప్తే తెగ సంబరపడ్డాడు. "అయితే మనోళ్ళ ఊరేరా" అన్నాడు. పక్కనున్న హారిస్‌బర్గ్ చుట్టుపక్కల తెలుగువాళ్ళు బాగానే ఉన్నారు. వీకెండ్ వస్తే క్రికెట్, లేకపోతే ఎవరింట్లోనో బిర్యానీ. రెండూ బాగానే ఉన్నా నాకు ఎక్కడో వెలితిగా ఉండేది. ఒకరోజు రాత్రి, జపాన్ కుర్రాడెవరో ఫ్లాట్‌ల్యాండ్ చేస్తున్న రీల్ కనపడింది. ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. చిన్నప్పుడు షాపులో అద్దె సైకిళ్ళని చేతులు వదిలేసి తొక్కి తిట్లు తిన్నవాణ్ణి. సైకిల్‌తో ఇలా కూడా ఆడుకోవచ్చని తెలిసేసరికి ఇరవై ఆరేళ్ళు వచ్చాయి.

వెతుకుతుంటే ఇంకో సంగతి తెలిసింది. ఫ్రీస్టైల్ బీఎంఎక్స్ మొదలైంది కాలిఫోర్నియాలో. బాబ్ హారో అనే రైడర్ 1982లో ఫ్రీస్టైల్ కోసమే తయారైన ఫ్రేమ్‌ని తన పేరుతో తెచ్చాడు. అదే ఏడాది వచ్చిన 'ఈ.టీ.' సినిమాలో సైకిల్ స్టంట్లు చేసినవాళ్ళలో ఆయన కూడా ఉన్నాడు. అప్పట్లో నేల మీద ట్రిక్ అంటే ఎక్కువగా బ్రేక్ పట్టి సైకిల్‌ని ఒకచోట నిలబెట్టి, దాని మీద గెంతుతూ బ్యాలెన్స్ చేయడమే. ఆ పద్ధతిని మార్చినవాళ్ళలో ముందు చెప్పుకోవాల్సింది కెవిన్ జోన్స్ గురించి. ఆయనది మా ఊరికి గంటలోపు దూరంలో ఉన్న యార్క్! అక్కడి ప్లైవుడ్ హుడ్స్ అనే కుర్రాళ్ళ బృందంలో ఒకడు. సైకిల్‌ని ఆపకుండా, ఒక్క చక్రం మీద దొర్లిస్తూ, కాలితో టైరుని నెడుతూ ఒక ట్రిక్‌లోంచి ఇంకో ట్రిక్‌లోకి వెళ్ళడం మొదలుపెట్టాడు. 1988 నుంచి ఆ బృందం తీసిన 'డార్కిన్ ఇన్ యార్క్' వీడియో క్యాసెట్లు చూసి ఎంతోమంది నేర్చుకున్నారు. నేను రాత్రంతా చూసిన జపాన్ రీల్‌కి మూలం మా పక్క ఊళ్ళోనే ఉందన్నమాట.

ఇంత చరిత్ర పక్కనే ఉందని తెలిశాక కొత్త సైకిల్ కొనాలనిపిస్తుందా? నాకైతే అనిపించలేదు. ఆన్‌లైన్‌లో 1986 నాటి క్రోమ్ ఫ్రేమ్ ఒకటి దొరికింది. ఫోర్క్‌తో కలిపి 450 డాలర్లు. అద్దంలా మెరిసే గొట్టాలు. సీటు కింద కాలు పెట్టి నిలబడడానికి వెల్డ్ చేసిన చిన్న ప్లాట్‌ఫారం, ఫోర్క్ మీద కూడా అలాంటివే రెండు. ఇంటికి తెచ్చి సోఫా పక్కన నిలబెట్టాను. వచ్చినవాళ్ళంతా దాంతో ఫొటోలు దిగేవాళ్ళు. ఇన్‌స్టాలో పెడితే నా ముఖానికి ఎప్పుడూ రానన్ని లైకులు దానికొచ్చాయి.

అసలు ఖర్చు తర్వాత మొదలైంది. దాని హెడ్‌సెట్ ఒక అంగుళం మరల రకం. ఇప్పుడొచ్చేవి 1-1/8 అంగుళాల మర లేనివి. దాని క్రాంక్ ఒకే కడ్డీని వంచి చేసింది. ఇప్పటి మూడు ముక్కల క్రాంక్ పెట్టాలంటే అడాప్టర్ కొనాలి. వెనక ఇరుసు పట్టే గాడి 3/8 అంగుళాలది. ఇప్పటి ఫ్రేములకి వెనక ఇరుసు 14 మిల్లీమీటర్లు. ఏ భాగం కావాలన్నా పాతదే వెతుక్కోవాలి, లేదా కొత్తదాన్ని ఏదో ఒకటి చేసి ఇరికించాలి. అలా ఇంకో 350 డాలర్లు పోయాయి. ఆఫీసులో ఇరవై ఏళ్ళ నాటి కోడ్‌ని కొత్త సర్వర్ మీదకి ఎక్కించడమే నా పని. అదే పని ఇంటికి తెచ్చుకున్నాను!

సెలవురోజుల్లో ఖాళీగా ఉండే ఒక ఆఫీస్ పార్కింగ్ లాట్ మా మైదానం. నలుగురైదుగురం కలుస్తాం. అందరిలోకీ పెద్దాయన ఒకాయన ఉన్నాడు. యాభై ఐదు దాటాయి, స్కూలు బస్సు నడుపుతాడు. హైస్కూల్ రోజుల నుంచీ తొక్కుతున్నాడట. మొదటి రోజు నా సైకిల్ చుట్టూ తిరిగి చూసి, చాలా అందంగా ఉందన్నాడు. కాసేపాగి, దీని మీద ఏం నేర్చుకుంటావని అడిగాడు. స్టీమ్‌రోలర్ అన్నాను. ఆయనేం మాట్లాడలేదు.

స్టీమ్‌రోలర్ అంటే... ముందు పెగ్ మీద ఒక్క కాలితో నిలబడి, సైకిల్ వెనక భాగాన్ని మన ముందుకి తిప్పి, సీటు పట్టుకుని, ముందు చక్రం ఒక్కదాని మీదే దొర్లుకుంటూ పోవడం. దొర్లే ట్రిక్కుల్లో ముందుగా నేర్చుకునేవాటిలో అదొకటి. చూడ్డానికి తేలికే. నాకు మాత్రం కాలు ఫ్రేమ్ దాటించే దగ్గరే పని అయిపోయేది. పై గొట్టం మోకాలికి కొట్టుకునేది. ఒకవేళ దాటినా సైకిల్ బరువుకి చెయ్యి లాగేసేది. అన్నీ కుదిరిన రోజున ఎడమకి తిరిగి పడిపోయేది. రోజూ గంట. కాళ్ళ నిండా నల్లటి కమిలిన మచ్చలు.

ఏడో నెలలో చీలమండ బెణికింది. ఎక్స్‌రే, డాక్టర్, మందులు... ఇన్సూరెన్స్ పోను 700 డాలర్లు జేబులోంచి పోయాయి. "సంబంధాలు చూస్తున్నాం, ఇప్పుడు కాలు విరగ్గొట్టుకుంటావా నాయనా" అని అమ్మ ఫోన్‌లో ఏడ్చింది. కాలి గురించి నాకు పెద్ద భయం లేదు. నా భయం వేరు. ఇన్ని నెలలు కష్టపడినా ఒక్క ట్రిక్ రాలేదంటే, అది నా ఒంట్లోనే లేదేమో అని. చదువులో, ఉద్యోగంలో కూర్చుని కష్టపడితే వచ్చేవన్నీ వచ్చాయి. ఒంటితో చేసే పని ఏదీ నాకు రాదని చిన్నప్పటి నుంచి పీఈటీ సార్ దగ్గర్నుంచి అందరూ అన్నదే నిజమేమో అనిపించింది. మానేద్దామనుకున్నాను. నిజంగానే.

కాలు నయమయ్యాక ఒక ఆదివారం పెద్దాయన తన సైకిల్ నా చేతికిచ్చాడు. పది నిమిషాలు తొక్కమన్నాడు. ఆ పది నిమిషాల్లో స్టీమ్‌రోలర్ రాలేదు కానీ, మొట్టమొదటిసారి నా కాలు ఫ్రేమ్‌కి తగలకుండా దాటింది. మూడు గజాలు దొర్లాను. నేరుగా!

రెండిటికీ తేడా ఎక్కడుందో ఆ రోజు టేపు పెట్టి కొలిచాను. నా సైకిల్ మొత్తం 13.8 కిలోలు. ఆయనది 9.6. పాత ఫ్రేమ్‌లో పై గొట్టం ఎత్తుగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. కొత్తదాంట్లో వెనక్కి బాగా వాలి ఉంటుంది, కాలు దాటించడానికి చోటు. పెడల్ ఇరుసు నుంచి వెనక చక్రం ఇరుసు దాకా ఉండే దూరం ఇప్పటి ఫ్లాట్‌ల్యాండ్ ఫ్రేముల్లో 13 అంగుళాల చుట్టుపక్కల ఉంటుంది. నాదాంట్లో 14.5 దాటింది. ఆ దూరం తగ్గితే వెనక చక్రం మన కిందికి వస్తుంది, సైకిల్ తేలిగ్గా లేస్తుంది, చిన్న చోటులో గిర్రున తిరుగుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైంది ఫోర్క్. పాత ఫోర్క్ కాళ్ళ చివర చక్రం ఇరుసు కాస్త ముందుకి జరిగి ఉంటుంది. మామూలుగా రోడ్డు మీద తొక్కడానికి అది మంచిదే. కానీ ఫ్లాట్‌ల్యాండ్‌లో సగం ట్రిక్కులు హ్యాండిల్‌ని వెనక్కి తిప్పేసి చేసేవి. అలా తిప్పినప్పుడు పాత ఫోర్క్‌తో చక్రం చోటు మారిపోతుంది. ఇప్పటి ఫ్లాట్‌ల్యాండ్ ఫోర్కుల్లో ఆ జరుగుడు చాలా తక్కువ, కొన్నిట్లో సున్నా. ఎటు తిప్పినా చక్రం ఉన్నచోటే ఉంటుంది. దానికి తోడు వెనక్కి దొర్లినా పెడళ్ళు తిరగని ఫ్రీకోస్టర్ హబ్. చాలామంది ఇప్పుడు బ్రేకులే పెట్టుకోరు.

తెలివిగలవాడైతే ఆ రోజే నిర్ణయం తీసుకునేవాడు. నాకు మాత్రం కోపం వచ్చింది. కొత్త సైకిల్‌తో చేస్తే గొప్పేముంది, పాతదాంతోనే చేసి చూపించాలి అనుకున్నాను. 450, ఇంకో 350, ఆ పైన 700... ఇంత పోశాక వదలబుద్ధి కాదు కదా! ప్రాజెక్టుల్లో మేనేజర్లు ఇలా చేస్తే మేం నవ్వుకుంటాం. ఇంకో ఏడు నెలలు అదే ఫ్రేమ్‌తో కుస్తీ పట్టాను.

చివరికి ఎడమవైపు లాగుడు ఎక్కువై నాన్నకి ఫోన్ చేశాను. దారం పరీక్ష చేయమన్నాడు. చాలా సులువు. వెనక ఇరుసు పట్టే గాడిలో ఒకవైపు దారం కట్టి, ముందు హెడ్ గొట్టం చుట్టూ తిప్పి తెచ్చి, రెండోవైపు గాడికి కట్టాలి. ఇప్పుడు సీటు గొట్టానికి రెండువైపులా దారానికి మధ్య ఖాళీ కొలవాలి. రెండూ సమానంగా ఉంటే ఫ్రేమ్ తిన్నగా ఉన్నట్టు. నాకు ఎడమవైపు 34 మిల్లీమీటర్లు, కుడివైపు 28 వచ్చింది.

"ఒకటీ అరా అయితే సర్దుకోవచ్చు. ఆరంటే వెనకంతా తిరిగిపోయినట్టే. ఎవుడో ఒకేవైపు నిలబడి బాగా గెంతాడు" అన్నాడు నాన్న. తర్వాత ఫోన్ తీసుకుని ఫ్రేమ్ అంతా దగ్గరగా చూపించమన్నాడు. హెడ్ గొట్టానికి కింది గొట్టం అతికే చోట "ఆగాగు" అన్నాడు. "ఆ గోధుమరంగు గీత ఏంది?"

"తుప్పు నాన్నా. రేకు కాగితం తడిపి రుద్దితే పోతుంది. మళ్ళీ వస్తుంది."

"మళ్ళీ అక్కడే వస్తుందా?"

"అక్కడే."

నాన్న కాసేపు ఏం అనలేదు. "తుడిచినా మళ్ళీ అదే గీతలో వచ్చిందంటే అది తుప్పు కాదురా. చీలిక. లోపలి నుంచి వస్తంది."

గోరు పెట్టి చూశాను. సన్నగా తగిలింది. వెంట్రుకంత. అది పూర్తిగా విడిపోతే ఫోర్క్, హ్యాండిల్ ముందుకి ఊడొస్తాయి. అప్పుడు నేను ఉండేది ముందు చక్రం మీదే. నాకు అమ్మిన ఆయనకి కూడా ఆ సంగతి తెలిసుండదు. ప్రతి వారం దాన్ని నున్నగా తుడిచి మెరిపించినవాణ్ణి నేనే, నాకే తెలియలేదు.

"పాతకాలం ఇనుము గట్టిదంటారు కదా నాన్నా" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"గట్టిదే. అయినా ఇనుము కూడా అలిసిపోద్దిరా. ముప్పై ఎనిమిదేళ్ళలో ఎవరెవరు దాని మీద ఎట్టా గెంతారో నీకేం తెలుసు?"

"అతుకేయిస్తే?"

"గోడకి తగిలించుకోటానికైతే వేయించు. ఎక్కటానికి మాత్రం వద్దు. పల్చటి గొట్టం అది. అతుకు పక్కన మళ్ళీ ఇరుగుద్ది." ఫోన్ పెట్టేముందు ఇంకో మాటన్నాడు. "తప్పు నీ కాళ్ళదనుకుని ఏడాది తిరిగావా? ముందే అడగొచ్చుగా."

ఆ మాటకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చాక నాన్న పనికి సంబంధించిన ప్రశ్న ఒక్కటీ ఆయన్ని అడగలేదు నేను. అన్నిటికీ యూట్యూబ్ చూసుకున్నాను.

మరుసటి వారం పార్కింగ్ లాట్‌లో పెద్దాయనకి చీలిక చూపించాను. ఆయన అలాంటివి చాలా చూశాడట. 1986లో తను వేసవంతా ఇళ్ళ ముందు గడ్డి కోసి, ఆ డబ్బుతో షాపులో ఉన్నవాటిలో అన్నిటికంటే కొత్త ఫ్రేమ్ కొన్నానని చెప్పాడు. రెండేళ్ళకి ఇంకా మంచిది రాగానే దాన్ని అమ్మేశాడట. పాత ఫ్రేమ్ మీద తొక్కాలని అప్పట్లో వాళ్ళలో ఒక్కడికీ తోచలేదట.

ఇంటికొచ్చాక కూడా ఆ మాటే తిరుగుతోంది బుర్రలో. నేను చరిత్రకి గౌరవం ఇస్తున్నానని పాత ఫ్రేమ్ కొన్నాను. ఆ చరిత్ర సృష్టించినవాళ్ళు మాత్రం ఆ రోజుకి దొరికినవాటిలో మంచిది తీసుకుని, అది కూడా చాలక దాన్ని దాటి ఏదో చేశారు. ఫ్రేమ్ మీద వెల్డ్ చేసిన ఆ ముచ్చటైన ప్లాట్‌ఫారాలు పోవడానికి ఒక కారణం యార్క్ కుర్రాళ్ళలాంటివాళ్ళే. దొర్లే ట్రిక్కులు వచ్చాక నిలబడే చోటు ఫ్రేమ్ మీద కాదు, పెగ్స్ మీద కావాల్సి వచ్చింది. వాళ్ళని అనుకరించాలంటే నేను పట్టుకోవాల్సింది వాళ్ళ ఫ్రేమ్‌ని కాదు.

మధ్యేమార్గం కూడా ఆలోచించాను. హారో, జీటీ లాంటి కంపెనీలు తమ 80ల నాటి మోడళ్ళని మళ్ళీ కొత్తగా తీసుకొచ్చాయి. పాత రూపం కావాలి, ముప్పై ఎనిమిదేళ్ళ అలసట మాత్రం వద్దు అనుకునేవాళ్ళకి అది మంచి దారి. నాకు కావాల్సింది మాత్రం స్టీమ్‌రోలర్. అందుకే ఇప్పటి ఫ్లాట్‌ల్యాండ్ ఫ్రేమే తీసుకున్నాను, 410 డాలర్లు. ఇదీ పాతదానిలాగే 4130 క్రోమోలీ ఉక్కే. ఇన్నేళ్ళలో మారింది కొలతలు, గొట్టాల మందం, వేడి చేసి గట్టిపరిచే పద్ధతి.

కొత్తది రాగానే అంతా వచ్చేసిందని చెప్పను. మొదటి రెండు వారాలు పాతదాని మీద వచ్చినవి కూడా పోయాయి. చిన్న కదలికకే గిర్రున తిరిగేది, వెనక్కి పడేసేది. బరువు సైకిల్‌ని లాగడానికి అలవాటు పడ్డ చేతులు దీన్ని అతిగా లాగేవి. చలికాలమంతా అపార్ట్‌మెంట్ గ్యారేజీలోనే ప్రాక్టీస్. మార్చిలో మంచు కరిగాక పార్కింగ్ లాట్‌కి వెళ్ళాం. నాలుగో ప్రయత్నంలో ఒక తెల్లగీత నుంచి ఎనిమిదో గీత దాకా స్టీమ్‌రోలర్‌లో దొర్లాను. పెద్దాయన బస్సు హారన్‌లా నోటితో కూత పెట్టాడు.

మీలో ఎవరికైనా ఇదే సందేహం ఉంటే నా అనుభవంతో చెప్పేది ఇంతే. 80ల నాటి నిలబడి చేసే ట్రిక్కులు ఇష్టమా, పాత సైకిల్ బాగుచేసుకోవడంలోనే ఆనందం ఉందా, వారానికోసారి సరదాగా తొక్కుతారా... పాతది కొనండి, తప్పేం లేదు. కానీ దారం పరీక్ష చేయకుండా కొనకండి. హెడ్ గొట్టం వెనక, పెడల్ ఇరుసు గొట్టం చుట్టూ, వెనక గాడుల దగ్గర గోరు పెట్టి చూడండి. ఈ మధ్యే రంగు వేసిన ఫ్రేమ్ అయితే ఇంకా జాగ్రత్త, రంగు కింద ఏముందో కనపడదు. దొర్లే ట్రిక్కులు నేర్చుకోవాలనుకునేవాళ్ళు మాత్రం ఇప్పటి ఫ్రేమ్‌తోనే మొదలుపెట్టండి. రాకపోతే తప్పు మనదేనని కచ్చితంగా తెలుస్తుంది. అది తెలిస్తే దిద్దుకోవచ్చు.

పాత ఫ్రేమ్ ఇప్పుడు మా హాల్లో గోడకుంది. వచ్చినవాళ్ళు ఇంకా ఫొటోలు దిగుతూనే ఉన్నారు. గోధుమరంగు గీతని మాత్రం తుడవడం మానేశాను.

స్టీమ్‌రోలర్ వీడియో నాన్నకి పంపించాను. మెచ్చుకుంటాడేమోనని గంటసేపు ఫోన్ చేతిలోనే పట్టుకు కూర్చున్నా. ఫోన్ వచ్చింది.

"వెనక చక్రం ఊగుతోందిరా. కోన్ బిగించు."

"దీనికి కోన్లు ఉండవు నాన్నా, సీల్డ్ బేరింగులు."

"అయితే స్పోకులు చూసుకో" అన్నాడు. ఆ తర్వాత కాస్త మెల్లగా, "మీ అమ్మకి కూడా చూపించాను. నాలుగుసార్లు చూసింది."